తొందరపడ్డ శాక్సఫోన్

ఐవర్ తలుపు తీసేసరికి ఆడ్రీ జుట్టులోంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. విట్‌స్టబుల్ రేవులో వాన నిలువుగా పడదు, అడ్డంగా కొడుతుంది. అక్కడ గొడుగు వేసుకుని తిరిగేవాళ్ళు పైఊరి వాళ్ళే. కాంటర్‌బరీ నుంచి బస్సులో వస్తున్నంతసేపూ ఎంత మర్యాదగా అడగాలో వల్లె వేసుకుంది గానీ, విడిపోయిన మొగుడి మొహం ఎదురుగా కనబడేసరికి అదంతా గాలికి పోయింది.

“రికార్డు కావాలి,” అంది.

“ఎలా ఉన్నావు ఐవర్, ఒంట్లో బాగుందా, అని ఒక్క ముక్క అడిగితే నీ నోరు అరిగిపోతుందా?”

“ఎలా ఉన్నావు? రికార్డు కావాలి.”

“ముందు లోపలికి తగలడు. నా గుమ్మంలో చెరువు తవ్వుతున్నావు.”

గుమ్మం పక్కన చిన్న బల్ల, దాని మీద అంచులు వంకరలు తిరిగిన నల్లటి గిన్నె. ఐవర్ చేతిలోని తాళాలు అందులో పడేశాడు. ఆడ్రీ తడిసిన చేతితొడుగులు తీసి, పెట్టడానికి ఇంకెక్కడా చోటు లేక, వాటినీ అందులోనే పడేసింది.

ఏ రికార్డు అని అతను అడగలేదు. అడిగే పని లేదు. విడిపోయినప్పుడు ఇద్దరూ ముందుగది తివాచీ మీద చెరోవైపు కూర్చుని, నీకొకటి నాకొకటి అని రికార్డులన్నీ పంచుకున్నారు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడింది, మొదటి ఎంపిక ఐవర్‌ది అయింది. అతను చెయ్యి చాచి తిన్నగా దాన్నే తీసుకున్నాడు. ఇల్లు అమ్మిన రోజున కంట తడి పెట్టని మనిషి, ఆ పూట స్నానాల గదిలోకి పోయి కుళాయి తిప్పుకుని ఏడ్చింది. పంతానికి పోయి మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. మరో ప్రతి కొనుక్కుందామంటే ఎక్కడా దొరకలేదు. ఎక్కడికి పోతుందిలే, ఎప్పుడో ఒకప్పుడు వినకపోతానా అనుకుంటూ ఏళ్ళు గడిపేసింది.

“ఇన్నేళ్ళకి ఇప్పుడెందుకు?” అన్నాడు ఐవర్, ప్లాస్టిక్ తొడుగు వేసి అద్దంలా ఉంచుకున్న రికార్డు అందిస్తూ.

“రేపు బుధవారం. పాటల కూటమిలో నా వంతు.”

“ఆ ముసలి మేళం ఇంకా నడుస్తోందా?”

“నువ్వొక్కడివి పోతే మూతపడుతుందనుకున్నావా?”

అబద్ధం ఆడలేదు. సగమే చెప్పింది. ఆమె ఎడమ చెవి చిన్నప్పుడే గవదబిళ్ళలతో పోయింది. లోకాన్నంతా కుడిచెవితోనే వింటూ వచ్చింది. ఇప్పుడు ఆ కుడిచెవి వెనక ఏదో కాయ కాసిందట. దాన్ని అలాగే వదిలేస్తే మెదడు మీదికి పాకుతుంది, తీసేస్తే దాంతోపాటు వినికిడి నరం కూడా వస్తుంది. లండన్ పెద్దాసుపత్రి డాక్టరు ఈ సంగతి చాలా నెమ్మదిగా, మంచిగా చెప్పాడు. “కొంచెమైనా మిగలదా డాక్టరుగారూ?” అని అడిగింది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆపరేషన్ ఈ శుక్రవారమే.

ఆ మాట ఐవర్‌తో చెబితే జాలిపడతాడు. అతని కోపాన్ని ఇరవై ఏళ్ళు భరించింది గానీ, జాలి ఆమె వల్ల కాదు.

బుధవారం మధ్యాహ్నం మా కాంటర్‌బరీలో కొట్లు కట్టేస్తారు. చెప్పుల కొట్టు క్లెమెంట్‌కి ఆ పూటే తీరిక, అందుకే కూటమి కూడా ఆ పూటే, మద్యం దుకాణం వెనకగదిలో. నలుగురైదుగురు వస్తారు. వంతు వచ్చినవాళ్ళు ఒక రికార్డు తెస్తారు. ఒక వైపు మొత్తం వినాలి. సూది మధ్యలో ఎత్తకూడదు, నోరు విప్పకూడదు, దగ్గు వస్తే బయటికి పోయి దగ్గాలి. అన్నిటికంటే పెద్ద నేరం టేపు చేసుకోవడం. “ఇంటికి పట్టుకుపోయి చప్పరించడానికి ఇదేమన్నా బెల్లంముక్కా? నలుగురం కూర్చుని వినాలి, పోవాలి,” అంటాడు క్లెమెంట్. ఆ నియమం పెట్టింది అతనే. అదే లేకపోయి ఉంటే ఈ కథే లేదు.

టిన్ హెరన్, అంటే రేకు కొంగ, అని ఒక బృందం. నలుగురూ ఈ చుట్టుపక్కల కుర్రాళ్ళే. ‘వెనక్కి తగ్గిన సముద్రం’ అని ఒకే ఒక్క రికార్డు చేసి చెల్లాచెదురయ్యారు. వాళ్ళవి రాక్ వాళ్ళ చేతులు, జాజ్ వాళ్ళ చెవులు. డ్రమ్స్ ధనధనమంటూనే సందుల్లోకి దారి తప్పుతాయి. బేస్ గిటారు తన మానాన తను ఊరంతా తిరిగి, ఎవరూ పిలవకుండానే అన్నం వేళకు ఇల్లు చేరుతుంది. పాడే కుర్రాడు అమెరికా యాస అరువు తెచ్చుకోడు. మా కెంట్ జిల్లా యాసలోనే, బురదలో బూటు కూరుకుపోయిన వైనం ఎంతో మర్యాదగా పాడతాడు. ప్రేమ, విప్లవం వగైరాలు వాళ్ళకు పట్టలేదు. రెండో వైపంతా ఒకటే పాట. నడిమధ్యకి వచ్చేసరికి అందరూ తప్పుకుని ఆర్గన్ ఒక్కటే మిగులుతుంది. సీసాలో చిక్కిన తుమ్మెదలా గొణుగుతూ మొదలై ఒక్కో మెట్టూ ఎక్కుతుంది. ఇంకొక్క మెట్టు ఉందనగా, అది ఎక్కకముందే, శాక్సఫోన్ వచ్చి మీద పడుతుంది. ఆగలేక, వేళాపాళా చూసుకోకుండా, తలుపు తోసుకుని వచ్చే మనిషిలా.

పద్దెనిమిదేళ్ళ వయసులో అది మొదటిసారి విన్నప్పుడు ఆడ్రీకి ఊపిరి ఆగింది. ఒళ్ళు దగ్గర పెట్టుకో, నీ వంతు వచ్చేదాకా ఆగు, అని చెప్పే ఇంట్లో పెరిగిన పిల్ల. ఆగక్కర్లేదని లోకంలో ఆమెకు చెప్పింది ఆ శాక్సఫోన్ ఒక్కటే. ఆ చోట తాళం ఎలా లెక్కపెట్టాలో తేలక కూటమి ఏళ్ళ తరబడి కొట్టుకుంది. అది పదమూడు దెబ్బల తాళమని, జాజ్‌లో కూడా ఇంత సాహసం ఎవరూ చేయలేదని, క్లెమెంట్ అభిమానుల పత్రికలో రెండు పేజీల వ్యాసం రాశాడు. అదంతా ఆడ్రీ, ఐవర్‌ల ప్రతి విని రాసిందే. అప్పట్లో కూటమికి వచ్చిన ప్రతి అదొక్కటే.

ఆ బుధవారం ఆడ్రీ తన కుర్చీలో కూర్చుంది. కుడిచెవి స్పీకరు వైపు ఉండేలా వేసిన ఆ కుర్చీలో ఇంకెవరూ కూర్చోరు. క్లెమెంట్ సూది దించాడు. డ్రమ్స్ వచ్చాయి, బురద వచ్చింది, బూటు కూరుకుపోయింది. ఆమె కళ్ళు మూసుకుంది. ఇదే ఆఖరు, ఒక్క చుక్క కూడా కింద పోనివ్వకూడదు అనుకుంది. ఆర్గన్ గొణుగుడు మొదలైంది. ఎక్కుతోంది. ఎక్కుతోంది. ఇంకొక్క మెట్టు.

ఆ మెట్టు కూడా ఎక్కింది. ఎక్కి నిలబడింది. కాసేపు తీరిగ్గా ఊపిరి పీల్చుకుంది. అప్పుడు శాక్సఫోన్, టోపీ తీసి లోపలికి రావచ్చా అని అడిగే పెద్దమనిషిలా, చక్కగా వచ్చి చేరింది.

“ఇది కాదు,” అంది ఆడ్రీ.

అందరూ ఉలిక్కిపడి చూశారు. పాట నడుస్తుండగా మాట్లాడిన మనిషి ఆ గదిలో ఇంతవరకు లేదు. ఆమె లేచి వెళ్ళి సూది ఎత్తేసింది. ఆ పని చేసిన మనిషి కూడా లేదు.

“ఇది కాదు క్లెమెంట్. మన రికార్డు ఇది కాదు.”

క్లెమెంట్ అట్ట తిప్పి చూశాడు, చీటీ చూశాడు, వెలుతురుకు పట్టి గీతలు చూశాడు. మొహం పాలిపోయింది. “అదే బృందం, అదే ముద్రణ. గీత అన్నది లేదు. కొత్తదానిలా ఉంది.” గొంతు తగ్గించి అన్నాడు. “ఆడ్రీ, మన ప్రతి మీద గీత ఉండేదా?”

ఆమె రికార్డు అతని చేతిలోంచి తీసుకుని అట్టలో దోపింది.

“అయితే అది తాళం కాదు. సూది ఎగిరేది. ఒక చుట్టు సంగీతం మింగేసి అవతల పడేది. ఓరి నాయనో, పదమూడు దెబ్బలని రెండు పేజీలు రాశానే. మా అమ్మాయి పెళ్ళిలో కూడా దాని మీద ఉపన్యాసం ఇచ్చాను.”

వేరే రోజయితే ఆడ్రీ పగలబడి నవ్వి ఉండేది. ఆ రోజు రికార్డు చంకన పెట్టుకుని బస్సు కోసం పరిగెత్తింది. గీతో, పొరపాటో, దయ్యమో, ఆమెకు కావలసింది అదే. శుక్రవారం లోపల ఒక్కసారి.

ఐవర్ చేపముక్కలు వేయించుకుంటున్నాడు. చేతిలో అట్లకాడతోనే తలుపు తీశాడు.

“పాతది ఏది?” అంది.

“ఏ పాతది?”

“మన పాతది. గీత ఉన్నది.”

ఐవర్ అట్లకాడ దించాడు. “అదా. అది ఎగిరేది కదా ఆడ్రీ. ఆర్గన్ చివర్లో.”

“నీకు తెలుసా?”

“కొన్న మొదటి వారమే తెలిసింది. రికార్డు నా చేతుల్లోంచే జారి ప్లేయరు అంచుకి తగిలింది. చెబుదామనుకునేసరికి నువ్వు ఆ చోటుకి వచ్చి కళ్ళు మూసుకుని అలా అయిపోయావు.” అతను గోడ కేసి చూశాడు. “ఆ మొహం చూశాక ఏం చెప్పను? చెప్పలేదు. తర్వాత క్లెమెంట్ గాడు లెక్కలు కట్టడం మొదలెట్టాడు, ఇంక చెప్పే వీలే లేకపోయింది. పెళ్ళయి ఉన్నన్నాళ్ళూ ఆ తప్పు పాటే విన్నాను, పళ్ళ బిగువున. విడిపోయాక సంతలో మంచి ప్రతి దొరికింది. హమ్మయ్య అనుకున్నాను.”

“పాతది ఏదీ అంటే పురాణం చెబుతావేం?”

ఐవర్ కళ్ళు ఒక్కసారి గుమ్మం పక్క బల్ల మీదికి పోయి వచ్చాయి. ఆడ్రీ అటు తిరిగింది. అంచులు వంకరలు తిరిగిన నల్లటి గిన్నె. తాళాలు తీసి పక్కన పెట్టింది. అడుగున గుండ్రటి చీటీ, దాని మీద ఒంటికాలి మీద నిలబడ్డ రేకు కొంగ.

“చెల్లెలి పిల్లలు సెలవులకి వచ్చారు,” అన్నాడు ఐవర్. “వానపట్టి బయటికి పోవడానికి లేదు. పాడైపోయిన రికార్డులు పొయ్యిలో వేడిచేసి గిన్నెలు చేశాం. నాకేం తెలుసు, ఎగిరే రికార్డు ఎవరికి కావాలనుకున్నాను.”

ఆడ్రీ గిన్నెను రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. పాట చెక్కిన గీతలన్నీ కరిగి ముడతలు పడ్డాయి. నిన్న తన తడి చేతితొడుగులు పెట్టుకున్నది ఇందులోనే. మెట్ల మీద కూలబడింది. కూలబడి, వద్దనుకున్నదంతా చెప్పేసింది. కాయ సంగతి, నరం సంగతి, శుక్రవారం సంగతి. ఏడుపు లేకుండా చెప్పాలనుకుంది గానీ కుదరలేదు.

వంటింట్లో చేపముక్కలు మాడిన వాసన వస్తున్నా ఐవర్ కదల్లేదు.

“నిన్ననే చెప్పి ఏడవచ్చుగా,” అన్నాడు చివరికి.

“చెబితే ఏం చేసేవాడివి? గిన్నెని మళ్ళీ రికార్డు చేసేవాడివా?”

అతను ఆమె చంకలోంచి మంచి ప్రతి లాక్కుని ముందుగదిలోకి పోయాడు. ఐవర్ సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు: రికార్డును అరచేతుల మధ్య అంచులతో పట్టుకుంటాడు, సూది మీద ఊపిరి కూడా తగలనివ్వడు. అలాంటి మనిషి ఆర్గన్ పైకెక్కుతుంటే వంగి నిలబడి, ఆఖరి మెట్టు దగ్గర చూపుడువేలితో సూదిని ఒక్క పోటు పొడిచాడు. సూది వెళ్ళి ఎక్కడో డ్రమ్స్‌లో పడింది. మళ్ళీ పెట్టాడు. ఈసారి వెనక్కి వచ్చింది. మళ్ళీ. మళ్ళీ. స్పీకర్లోంచి గుడ్డ చించిన చప్పుడు వచ్చింది. రికార్డు మీద తెల్లటి గాటు పడింది. ఆ తర్వాత సూది అక్కడికి వచ్చినప్పుడల్లా శాక్సఫోన్ రావడం పోయి, పిల్లిని తొక్కినట్టు ఒక కేక మాత్రం మిగిలింది.

“ఆపు ఐవర్. చాలు,” అంది ఆడ్రీ. “పోనీ నువ్వు పాడు.”

“నేనా? చర్చిలో పాదిరీ నన్ను పెదాలు మాత్రం కదపమన్నాడు, గుర్తులేదూ?”

“ఇరవై ఏళ్ళు విన్నావుగా. నేనే పాడుకుంటే లాభం లేదు. ఎప్పుడు వస్తుందో నాకు ముందే తెలిసిపోతుంది. నా అరికాలికి నేనే చక్కిలిగిలి పెట్టుకున్నట్టు ఉంటుంది.”

ఐవర్ ఆమె కుడిపక్కకు వచ్చి కూర్చుని గొంతు సవరించుకున్నాడు. తుమ్మెదలా గొణిగాడు. శ్రుతి లేకపోయినా వరస తప్పలేదు. మెట్టుమెట్టుగా ఎక్కాడు. ఆఖరి మెట్టు కూడా ఎక్కి, ఆగి, అప్పుడు శాక్సఫోన్ వరస అందుకున్నాడు.

“అక్కడ ఆగకు.”

“ఆగలేదే.”

“ఆగావు. ఊపిరి తీసుకున్నావు.”

మళ్ళీ పాడాడు. మళ్ళీ ఆగాడు. విడిపోయాక ఇన్నేళ్ళూ సరైన పాటే విని విని అతని ఒంటికి అదే పట్టేసింది. ఆగకూడదని గుర్తుపెట్టుకుంటే ముందే తడబడేవాడు, మరిచిపోతే ఆగేవాడు. గొంతు బొంగురుపోయేదాకా పాడాడు. ఇరవై ఏళ్ళు పళ్ళ బిగువున భరించిన తప్పు, ఇప్పుడు ప్రాణం మీదికి వస్తే ఒక్కసారైనా చేయలేకపోయాడు. “నా వల్ల కావట్లేదు ఆడ్రీ,” అని రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఆమె అతని వీపు మీద చెయ్యి వేసింది.

మర్నాడు తన పాత వ్యానులో లండన్‌కు తీసుకెళ్ళింది అతనే. దారంతా ప్రయత్నిస్తూనే ఉన్నాడు. ఆడ్రీ కిటికీలోంచి బీరులో వేసే హాప్ తీగల తోటలు చూస్తూ, వైపర్ల చప్పుడు, గేరు మార్చినప్పటి మూలుగు, అతని బొంగురు గొంతు, దేన్నీ వదలకుండా వింటూ కూర్చుంది. ఆశ వదిలేసుకున్నానని తనకు తను చెప్పుకుంది. వదల్లేదు.

శుక్రవారం పొద్దున ఆమెను చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. జుట్టు ఒకవైపు గొరిగేశారు. మంచం తోస్తున్న నర్సు చురుకైన మనిషి, ఒక్క క్షణం ఆలస్యాన్ని కూడా సహించేలా లేదు. ఐవర్ కుడిపక్కన ఆమె చెయ్యి పట్టుకుని, పెద్ద పెద్ద అంగలతో నడుస్తూ, వంగి ఆమె చెవి దగ్గర మొదలుపెట్టాడు. గొణుగుడు. మొదటి మెట్టు. వరండాలో రోగులు తలలు తిప్పి చూశారు. ఎవరో నవ్వారు. అతను పట్టించుకోలేదు. ఎక్కుతున్నాడు. వరండా మలుపు తిరిగింది. ఎదురుగా రెండు రెక్కల తలుపు.

“ఇక్కడిదాకానే సార్,” అంది నర్సు, మంచం ఆపకుండానే. “లోపలికి రాకూడదు.”

ఐవర్ ఇంకా ఎక్కుతూనే ఉన్నాడు. ఒక మెట్టు, మరో మెట్టు. మంచం ముందుభాగం తగిలి తలుపు రెక్కలు తెరుచుకున్నాయి. “సార్, చెయ్యి వదలండి.” నర్సు అతని వేళ్ళు విడదీసింది. ఇంకొక్క మెట్టు ఉంది. ఆడ్రీ తల లోపలికి వెళ్ళిపోతోంది, రెక్కలు మూసుకోవడానికి వెనక్కి వస్తున్నాయి. అది చూసిన ఐవర్‌కు మెట్టూ తాళమూ ఏదీ గుర్తులేదు. వేళ మించిపోయిందన్నది ఒక్కటే తెలిసింది. ఊపిరి తీసుకోకుండా, గొంతు పగిలిపోయేలా, శాక్సఫోన్ అందుకున్నాడు.

ఆడ్రీకి ఊపిరి ఆగింది.

రెక్కలు మూసుకున్నాయి. “ఎవరమ్మా ఆయన? ఒంట్లో బాగుందా?” అంది నర్సు.

“ఒక్క నిమిషం మాట్లాడకు తల్లీ,” అంది ఆడ్రీ.

తలుపు అవతల అతను ఇంకా పాడుతూనే ఉన్నాడు. శ్రుతి లేదు, శాక్సఫోన్‌కూ దానికీ పోలికే లేదు. మంచం ముందుకు పోతున్నకొద్దీ సన్నబడుతోంది. ఆమె కుడిచెవిని అటువైపు తిప్పుకుని, ముక్కు మీద మత్తుమందు తొడుగు పెట్టేదాకా వింటూ ఉంది.